పాత గాలం రాడ్డును విప్పే ముందు

చిరంజీవికి పెద్దనాయన ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలన్నీ పెద్దవి చేసి చూశాను. రింగులను పట్టి ఉంచే దారాలు ఊడిపోయి, గాలం లైను దూరే ఆ రింగులు తుప్పుపట్టి, పిడి మీద కార్కు పెచ్చులు లేచిన ఆ రాడ్డును పారెయ్యమని మీ నాయన అన్నాడని రాశావు. పారెయ్యకు బిడ్డా. రాడ్డుకు ప్రాణం ఫైబర్ గొట్టంలో ఉంటుంది. దారం, రింగులు, జిగురు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గొట్టం మీద బ్లేడు గాటు పడిందంటే మాత్రం దానికి మందు లేదు. అందుకే కట్టడం కంటే విప్పడానికే ఎక్కువ ఓపిక పెట్టుకో.

ముందు గొట్టం బాగుందో లేదో చూడు. దూది ఉండ ఒకటి తీసుకొని మొదలు నుంచి కొన దాకా మెల్లగా జార్చు. ఎక్కడైనా దూది పీచు చిక్కుకుంటే అక్కడ ఫైబర్ లేచిందన్నమాట. తర్వాత రాడ్డు రెండు ముక్కలనూ కలిపి, కొద్దిగా వంచి చెవి పెట్టి విను. టిక్కుమంటే జాయింటు దగ్గర వెతుకు. జాయింటు మూతి దగ్గర వెంట్రుకంత నెర్ర కనిపిస్తే దిగులుపడకు, దాని పైన దారం ఒత్తుగా చుట్టి ఎపాక్సీ, అంటే రెండు సీసాలవి కలిపి వాడే గట్టి జిగురు, పూస్తే నిలుస్తుంది. నడుమ గొట్టం చీలి ఉంటే మాత్రం పని అక్కడే ఆపెయ్. పెద్ద బొచ్చె చేప తగిలిన రోజే అది విరుగుతుంది.

విప్పకముందే కొన నుంచి ఒక్కో రింగు ఎంత దూరంలో ఉందో టేపుతో కొలిచి నోట్‌బుక్‌లో రాసుకో. ఏ రింగు ఏ వరుసలోదో తెలిసేలా ఒక్కోదాన్ని విడి కవర్లో వేసి నంబరు రాయి. రీలు బిగించే సీటు ఏ వైపుకు ఉందో ఫోటో తీసిపెట్టుకో.

ఇక విప్పడం. రింగుకు అటూ ఇటూ ఉండే లోహపు కాళ్ల మీద దారం చుట్టి, పైన ఎపాక్సీ పూసి ఉంటారు. హెయిర్ డ్రయ్యర్‌తో ఆ చోట వెచ్చబెట్టు. గోరుతో నొక్కితే మెత్తగా దిగే దాకా చాలు, చెయ్యి కాలేంత వేడి వద్దు. గ్యాస్ మంట దగ్గరికి అసలు తీసుకుపోకు. తర్వాత కొత్త బ్లేడుతో లోహపు కాలు మీద మాత్రమే, దాని పొడవునా కొయ్యి. బ్లేడు కింద ఎప్పుడూ లోహమే ఉండాలి. కాలు అయిపోయిన చోట ఆపేసి, మిగిలిన దారాన్ని వేలితో పట్టి విప్పుకుంటూ పో. రాకపోతే మళ్లీ వెచ్చబెట్టు, మళ్లీ లాగు. తొందరపడి గొట్టం మీద కోశావంటే ఆ గీత కంటికి కనిపించకపోయినా, వంగినప్పుడల్లా లోపలికి తినుకుంటూ పోతుంది. ఇక్కడ పైలం.

కొన రింగు సంగతి వేరు. దాన్ని ఎక్కువగా వేడికి కరిగే జిగురుతో అంటిస్తారు. ఆ చిన్న లోహపు గొట్టానికే కొంచెం కొంచెంగా వేడి తగలనిచ్చి, నేరుగా ముందుకు లాగు. మెలి తిప్పితే కొన ఫైబర్ పగులుతుంది.

గొట్టానికి మిగిలిన పాత ఎపాక్సీని పాత ఏటీఎం కార్డు అంచుతో గీకు. తర్వాత స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడువు. థిన్నరు, పెట్రోలు వాడొద్దు. సాన పేపరు వాడక తప్పదనుకుంటే బాగా సన్నది తీసుకొని, నీళ్లతో తడిపి రుద్దు, మూతికి మాస్కు పెట్టుకో. ఫైబర్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, చర్మానికి తగిలితే రోజంతా దురద. గొట్టానికి కొత్త రంగు వేయిస్తానని రాశావు, అది నాకు నచ్చలేదు. వంగే వస్తువు మీద పెయింటు పగుళ్లు తేలుతుంది. పాత గొట్టం పాతగానే ఉండనీ.

పిడికి ఎక్కువ పని లేదు. కార్కు గుంటల్లో, కార్కు పొడి కలిపిన జిగురు నింపి ఆరాక సాపు చెయ్యి. రీలు సీటు కదులుతుంటే తీసి ఆరల్డైట్‌తో మళ్లీ అంటించు, ఒక పూర్తి రోజు ముట్టుకోకు.

రింగుల దగ్గర పిసినారితనం పనికిరాదు. ప్రతి రింగు లోపల దూది తిప్పి చూడు. పీచు పట్టిందంటే లోపలి పింగాణీ పగిలినట్టు, అది నీ లైనును కొంచెం కొంచెంగా కోస్తుంది. మీ నాయన రాడ్డు ఏడడుగులది, కొన కాకుండా ఐదే రింగులున్నాయి. పాతకాలం వాటికి అంతే పెట్టేవాళ్లు. అడుగుకు ఒకటి చొప్పున లెక్క వేసుకుంటే ఇంకో రెండు పెట్టొచ్చు. రీలుకు దగ్గరగా పెద్దది, కొనకు పోయేకొద్దీ చిన్నవి. నల్లగొండలో దొరక్కపోతే హైదరాబాద్‌లో గాలం సామాన్ల దుకాణాల్లో అడుగు. కొత్త రింగుల కాళ్ల చివర్లను ఆకురాయితో పలచగా అరగదీయడం మర్చిపోకు. లేకపోతే దారం ఆ మెట్టు ఎక్కలేక సందు వదులుతుంది, మొన గొట్టాన్ని గీరుతుంది.

దారం గురించి నాకు చెప్పాలనిపించేది చాలా ఉంది, మగ్గం ఇంట్లో పుట్టినవాణ్ని కదా. దుకాణంలో దొరికే నైలాన్ దారం మంచిదే. నాకు మాత్రం పట్టు ఇష్టం. వెనకట రాడ్లకు పట్టే చుట్టేవాళ్లు. పోచంపల్లిలో, పుట్టపాకలో మగ్గాల ఇళ్లల్లో అడిగితే కండె మిగులు ఇస్తారు. పురి పెట్టిన పట్టే తీసుకో, పురి లేనిది చుట్టేటప్పుడే పీచులు లేస్తుంది. ఎపాక్సీ తగలగానే రంగు ముదురుతుంది, తెలుపు దాదాపు కనిపించకుండా పోతుంది. అందుకని ముందు ఒక పెన్సిలు మీద చుట్టి పూసి చూసుకో.

అట్టపెట్టె రెండు వైపులా గాట్లు కోసి రాడ్డును అందులో ఆనించు. రింగు ఒక కాలిని సన్నటి టేపుతో అంటించి, రెండో కాలి వైపు మొదలుపెట్టు. దారాన్ని ఒక బరువైన పుస్తకం పేజీల మధ్య నుంచి రానిస్తే బిగుతు ఒకేలా ఉంటుంది. గొట్టం మీదే, కాలి మొన ఇంకా మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉందనగా మొదలుపెట్టి, దారం తన తోక మీద తనే ఐదారు చుట్లు ఎక్కాలి. అప్పుడు తోక కత్తిరించు. దారాన్ని తిప్పకు, రాడ్డును తిప్పు. చివరి ఏడెనిమిది చుట్లు ఉన్నాయనగా వేరే దారపు ఉచ్చు ఒకటి అడ్డంగా పెట్టి, దాని మీదుగా చుట్టు. అయ్యాక దారం కోసి, కొసను ఉచ్చులో దూర్చి ఉచ్చును లాగేస్తే కొస చుట్ల కిందికి పోతుంది. సందులుంటే స్పూను వెనక భాగంతో నెట్టి మూసెయ్. చుట్టడం అయ్యాక కూడా రింగును వేలితో కొంచెం జరపగలగాలి, ఆ మాత్రం బిగుతు చాలు. అన్నీ ఒకే వరుసలో ఉన్నాయా అని రీలు వైపు నుంచి ఒక కన్ను మూసి చూసుకో.

పూత పూసే ముందే పరీక్ష చెయ్యి. లైను రింగుల్లోంచి ఎక్కించి ఎవరితోనైనా కొసను కిందికి లాగించు. లైను ఎక్కడా గొట్టాన్ని ఆనకూడదు. ఆనితే అక్కడి రింగు ఒకటి జరపాలి. మన నల్లగొండ పక్కనున్న ఉదయ సముద్రం చెరువులో కొర్రమట్ట చేప తగిలి నాచులోకి దూరిందంటే రాడ్డు అంతకంటే ఎక్కువే వంగుతుంది.

ఎపాక్సీ రెండు సీసాలకూ వేర్వేరు సిరంజీలు వాడు, రెండూ సమానంగా తియ్యి. చేతికి గ్లవ్స్ వేసుకో. బుడగలు రాకుండా మెల్లగా రెండు మూడు నిమిషాలు కలిపి, వెండిరేకు కాగితం మీద పల్చగా పొయ్యి, అక్కడి నుంచి తీసి దారం చుట్ల మీద పూయి. మన నల్లగొండ ఎండలకు అది తొందరగా గట్టిపడుతుంది, కాబట్టి తెల్లవారుజామున పని పెట్టుకో. ముసురు పట్టిన రోజు మాత్రం వద్దు, పైన మసక తేలుతుంది. ఫ్యాను ఆపెయ్, దుమ్ము కూర్చుంటుంది. పూశాక కారడం ఆగే దాకా ఐదారు నిమిషాలకోసారి రాడ్డును తిప్పుతూ కూర్చోవాలి. కొన్ని గంటల పని, పక్కన ఎవర్నైనా కూర్చోబెట్టుకో. మర్నాడు ఇంకో పలచని పూత.

చెరువుకు పోయే ముందు ఆ ఊరి మత్స్య సహకార సంఘం వాళ్లను అడుగు. 2016లో మొదలైన ఉచిత చేపపిల్లల పథకం కింద వదిలిన పిల్లలు పెరిగేది ఆ నీళ్లల్లోనే, వాటి మీదే వాళ్ల బతుకు. కరెంటు తీగల కింద నిలబడి గాలం విసరకు, తడి రాడ్డును నమ్మలేం. కార్బన్ రాడ్డయితే అసలు మాటే లేదు, కరెంటు నేరుగా పాకుతుంది.

దారం చుట్టడం అయ్యాక, ఎపాక్సీ కలపకముందే ఒక్కో రింగు దగ్గరి నుంచి ఫోటో తీసి నాకు పంపు. ఎక్కడైనా సందు కనిపిస్తే చెప్తాను, అప్పుడైతే విప్పి చుట్టడం తేలిక.

ఇట్లు,
మీ పెద్దనాయన