మామ్మ వస్తోందని పాపకు ముందే చెప్పించండి

ప్రశ్న: అక్కయ్యగారికి నమస్కారం. నాకు 63 ఏళ్లు. మా అబ్బాయి, కోడలు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటారు. ఇద్దరూ అక్కడి సిటిజన్లే. పిల్లలు కలగలేదు. చాలాకాలం ఎదురుచూసి, ఒడిశాలోని ఒక శిశుగృహం నుంచి నాలుగేళ్ల పాపను దత్తత తీసుకున్నారు. కలెక్టర్ గారి ఆర్డర్ వచ్చాక భువనేశ్వర్ నుంచి ఢిల్లీ వెళ్లి, అక్కడ వీసా వేయించుకుని తీసుకెళ్లిపోయారు. సరిగ్గా అప్పుడే నాకు మోకాలి ఆపరేషన్ కావడంతో ఢిల్లీ వెళ్లి చూడలేకపోయాను. పాప వెళ్లి మూడు నెలలైంది. వచ్చే నెల మావారూ నేనూ వెళుతున్నాం. వీడియో కాల్‌లో నన్ను చూడగానే పాప పక్కకు వెళ్లిపోతుంది. తనకు తెలుగు రాదు, నాకు ఒరియా రాదు. ‘వచ్చాక కొన్నాళ్లు నువ్వు అన్నం తినిపించొద్దమ్మా, ఎత్తుకోవద్దు’ అన్నాడు మా అబ్బాయి. ఆ మాట వినగానే ఏడుపొచ్చింది. మామ్మని కానా నేను? మా అత్తగారి పేరు పెట్టమంటే అదీ కాదన్నారు. ఇక్కడేమో మా ఆడపడుచు ‘ఎవరి పిల్లో ఏమో, రంగు కూడా తక్కువే’ అంటోంది. ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. పాపను మొదటిసారి ఎలా కలవాలి? బంగారు గొలుసు చేయించాను, తీసుకెళ్లనా? మా పొలంలో ఈ పాపకు హక్కు ఉంటుందా అని మావారు అడగమన్నారు.
– ఒక మామ్మ, తాడేపల్లిగూడెం

జవాబు: చెల్లెమ్మా, మీ అబ్బాయి చెప్పిన మాటే 2017లో మా అమ్మాయి నాకూ చెప్పింది. నేను వినలేదు. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది ఆదిలాబాద్. టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు ఒహాయోలోని కొలంబస్‌లో ఉంటారు. మహారాష్ట్ర నుంచి మూడున్నరేళ్ల పాపను తెచ్చుకున్నారు. నేను వెళ్లేసరికి తను ఆ ఇంటికి వచ్చి ఏడు వారాలు. తలుపు తీయగానే చేతిలో బ్యాగు కింద పడేసి పాపను ఎత్తేసుకున్నాను. పాప ఏడవలేదు. నా మెడా పట్టుకోలేదు. చేతులు రెండూ ఒంటికి ఆనించి, కట్టెలా బిగుసుకుని ఉండిపోయింది. ‘ఎంత బుద్ధిమంతురాలో, కొత్త అనేదే లేదు’ అని మురిసిపోయాను. ఆ రాత్రి మా అమ్మాయి నా మంచం మీద కూర్చుని, ‘అమ్మా, అది దెబ్బ తగిలినా ఏడవదు. నా దగ్గర కూడా ఇంతవరకు ఏడవలేదు. ఎవరు ఎత్తుకున్నా అలాగే ఉంటుంది’ అంది. నాకు నిద్ర పట్టలేదు.

శిశుగృహంలో ఆయాలు ఎంత మంచివాళ్లైనా డ్యూటీలు మారుతుంటారు. పొద్దున అన్నం పెట్టిన చెయ్యి వేరు, రాత్రి పడుకోబెట్టే చెయ్యి వేరు. అలా పెరిగిన పిల్లకు ఇంకొక కొత్త చెయ్యి వచ్చి ముద్ద పెడితే, ఇది కూడా అలాంటి చోటే అనిపిస్తుంది. అన్నం, స్నానం, నిద్ర, దెబ్బ తగిలినప్పుడు ఓదార్చడం కొన్ని నెలల పాటు అమ్మానాన్నలే చూసుకోవాలని దత్తత ఏజెన్సీలు చెప్పేది అందుకే. ‘వీళ్లిద్దరూ నావాళ్లు, వీళ్లు మారరు’ అని పాపకు ముందు కుదరాలి. మీ అబ్బాయి మిమ్మల్ని దూరం పెట్టడం లేదమ్మా. పాపకు తండ్రి అవుతున్నాడు.

మరి మామ్మ ఏం చేయాలి? పాప తిరిగే చోటే ఒక కుర్చీ వేసుకుని, చేతికి పని పెట్టుకుని కూర్చోండి. నేను రోజూ డైనింగ్ టేబుల్ దగ్గర బఠాణీలు ఒలిచేదాన్ని. పాపను పిలవలేదు, కళ్లతో వెంటాడలేదు. నాలుగో రోజు ఒక కాయ తెచ్చి నా ముందు పెట్టి వెళ్లిపోయింది. మర్నాడు రెండు తెచ్చింది. పదో రోజుకు పక్క కుర్చీ ఎక్కి తనూ ఒలవడం మొదలుపెట్టింది. నేను ముట్టుకోలేదు. చెయ్యి ఎంత లాగిందో నాకే తెలుసు!

భాష గురించి భయపడకండి. మా ఊళ్లో మరాఠీ వినబడుతూనే ఉంటుంది కాబట్టి నాకు కొన్ని మాటలు వచ్చు. ‘పాణీ?’ అని గ్లాసు చూపిస్తే పాప మొదటిసారి నా ముఖంలోకి చూసింది. ఇచ్ఛాపురం వైపు మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఫోన్లో పది ఒరియా మాటలు నేర్చుకోండి: నీళ్లు, అన్నం, ఆకలి, నిద్ర, రా, చాలు. నాన్నగారి అమ్మను వాళ్లు జెజెమా అంటారు. అయితే ఒక సంగతి. ఆ మాటలు వినగానే పాప ముఖం ముడుచుకుంటే వెంటనే ఆపేయండి. మళ్లీ అక్కడికే పంపేస్తారేమోనని కొందరు పిల్లలు భయపడతారు. అలా భయపడకపోతే డాల్మా చేసి కోడలి చేతికివ్వండి. కందిపప్పులో పచ్చి బొప్పాయి, గుమ్మడి, అరటికాయ ముక్కలు వేసి ఉడికించి పాంచ్‌ఫోరన్‌తో (ఐదు రకాల దినుసులు కలిపిన పోపు) తిరగమోత పెట్టడమే. పాపకు ఆ వాసన తెలిసే ఉంటుంది. తినిపించేది మాత్రం అమ్మే.

తిండి సంగతి ఇంకొకటి చెప్పాలి. ఒకరోజు దుప్పట్లు మారుస్తుంటే దిండు కింద చపాతీ ముక్కలు, సగం కొరికిన అరటిపండు కనబడ్డాయి. ‘ఇదేంటమ్మా, చీమలు పడతాయి’ అని గొంతు పెంచాను. పాప ఆ ముక్కలన్నీ పోగుచేసి నా చేతిలో పెట్టి, గోడకు ఆనుకుని నిలబడింది. ఆ నిలబడటం నేను ఎప్పటికీ మర్చిపోలేను. మా అమ్మాయి పాపను ఏమీ అనకుండా, తనకు అందే ఎత్తులో ఒక గిన్నె పెట్టి బిస్కెట్లు, ఎండుద్రాక్ష నింపింది. అది పాప గిన్నె. ఇంకెవరూ ముట్టుకోకూడదు, ఖాళీ కాకూడదు. దిండు కింద దాచడం ఆగడానికి నెలన్నర పట్టింది. మీ మనవరాలు దాచినా మీరు చూడనట్టే ఉండండి.

రాత్రుళ్లు కూడా చూసుకోండి. పదిమంది పిల్లల మధ్య పడుకున్న పిల్లకు, ఒక్క చప్పుడు వినబడని అమెరికా ఇంట్లో చీకటి పడితే భయం వేస్తుంది. హాల్లో మీరు, మీవారు మెల్లగా మాట్లాడుకుంటూ ఉండండి. ఆ మాటలు తనకు జోలపాటలా ఉంటాయి.

బయలుదేరేలోపు వీడియో కాల్‌లో పాపను పలకరించే ప్రయత్నం తగ్గించండి. రెండు నిమిషాలు మీ అబ్బాయితో మాట్లాడుతూ కనబడితే చాలు. మీ ఇద్దరి ఫోటో ఫ్రిజ్‌కు అంటించమనండి. ‘మామ్మ, తాతయ్య విమానంలో వస్తారు, ఇన్ని రోజులు ఉంటారు, తర్వాత వాళ్ల ఇంటికి వెళ్లిపోతారు, నువ్వు ఇక్కడే ఉంటావు’ అని పాపకు నాలుగైదుసార్లు చెప్పించండి. ఆ చివరి మాట చాలా ముఖ్యం. సూట్‌కేసు చూస్తే తననే పంపించేస్తున్నారని అనుకునే పిల్లలున్నారు.

గొలుసు తీసుకెళ్లండి, కానీ కోడలికివ్వండి. సమయం చూసి ఆవిడే వేస్తుంది. పాప చేతికి ఏదైనా ఒకే ఒక చిన్న వస్తువు ఇవ్వండి. బొమ్మల సంచీ మొత్తం ఒకేసారి విప్పొద్దు.

పేరు విషయంలో మీ కొడుకు, కోడలు చెప్పిందే సరైనది. బట్టలు, మంచం, మనుషులు, భాష, చివరికి ఆకాశంలో వెలుతురు కూడా ఆ పిల్లకు మారిపోయాయి. పిలిస్తే పలికే పేరొక్కటే వెంట వచ్చింది. దాన్ని ఉండనివ్వండి. మీ అత్తగారి పేరు రెండో పేరుగా కలుపుతారేమో, తర్వాత ఎప్పుడైనా నెమ్మదిగా అడగండి.

ఇక మీ ఆడపడుచు మాట. మీరు ఊరుకున్నందుకు నాకు బాధగా ఉంది. ఇంకోసారి అంటే ‘అది మా మనవరాలు, రంగు గురించి మా ఇంట్లో మాట్లాడం’ అని చెప్పండి. గొడవ పడనక్కర్లేదు, మళ్లీ అనకుండా ఉంటే చాలు. ‘ఎవరి పిల్ల, ఏ కులం’ అని అడిగేవాళ్లు ఇంకా వస్తారు. పాప గురించి శిశుగృహం రాసిచ్చిన నివేదిక తల్లిదండ్రుల దగ్గర ఉంటుంది. అందులో ఏముందో మీరు అడగకండి, మీకు తెలిసినా బయటపెట్టకండి. ఆ కథ పాపది. 18 ఏళ్లు నిండాక తన పుట్టుక గురించి తనే అడిగి తెలుసుకునే వీలు మన దత్తత నిబంధనల్లోనే ఉంది. చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో ఫోటోలు పెట్టే ముందు కూడా మీ అబ్బాయిని అడగండి.

మీరు అక్కడ ఉండగా సోషల్ వర్కర్ ఇంటికి రావచ్చు. టెన్షన్ పడకండి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి పాప ఎలా ఉందో నివేదిక ఇండియాకు పంపాలి. నేనైతే ఆ రోజు పాపకు పట్టు లంగా కట్టి కూర్చోబెట్టాను. ఆవిడ మాత్రం పాప ఎవరి ఒడిలోకి వెళుతుందో చూసింది.

మీవారి ప్రశ్నకు జవాబు: 2015 నాటి బాలల న్యాయ చట్టం 63వ సెక్షన్ ప్రకారం, దత్తత ఉత్తర్వు అమలులోకి వచ్చిన రోజు నుంచి పాప అన్ని విధాలా వాళ్ల కూతురే, వారసత్వంతో సహా. గతంలో ఈ ఉత్తర్వు కోర్టు ఇచ్చేది, 2022 సెప్టెంబరు నుంచి జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టరే, ఇస్తున్నారు. రెండింటికీ విలువ ఒకటే. కన్న మనవరాలికి ఎంత హక్కో ఈ పాపకూ అంతే. వీలునామా రాసే ఆలోచన ఉంటే మాత్రం పాప పేరు స్పష్టంగా రాయించమనండి.

మోకాలు కదా, విమానం మారే చోట వీల్‌చైర్ కావాలని టికెట్ కొన్నప్పుడే చెప్పించండి. మందులు, డాక్టర్ చీటీ చేతి బ్యాగులోనే పెట్టుకోండి. ఎయిర్‌పోర్టుకు పాపను తీసుకురావద్దని మీ అబ్బాయికి చెప్పండి. ఆ జనంలో వద్దు, ఇంట్లోనే చూడండి. లోపలికి వెళ్లి ముందు కోడలిని పలకరించండి. పాప తన అమ్మ వెనక నిలబడి మిమ్మల్ని చూస్తూ ఉంటుంది, చూడనివ్వండి.