నిద్రమబ్బుకు, వానమబ్బుకు చుట్టరికం ఉందా?

ప్రశ్న: పొద్దుగాల పిల్లగాణ్ని లేపితే మా అత్తమ్మ "ఇంకా నిద్రమబ్బుల ఉన్నడు" అంటది. ఈ మబ్బు, ఆకాశంల మబ్బు ఒకటేనా? తూగుడు అన్నా ఇదేనా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మాట ఒకటే. కానీ నిద్రను మేఘంతో పోల్చారనుకుంటే దారి తప్పుతాం. మబ్బుకు మేఘం ఒక్కటే అర్థం కాదు. మసక, చీకటి, బుద్ధి మందం కూడా ఉన్నాయి. మన వరంగల్, కరీంనగర్ దిక్కు "మబ్బుల లేచి పొలం కాడికి పోయిండు" అంటే ఇంకా తెల్లవారకముందే లేచాడని. ఆకాశంలో ఒక్క మేఘం లేకుండా చుక్కలు మెరుస్తున్నా ఆ మాట చెల్లుతుంది. కన్నడంలోనూ మబ్బు అంటే మసకే. మసకచీకటిని మబ్బుగత్తలె అంటారు. తమిళంలో మప్పు ఆకాశం మూసుకున్నప్పుడూ వాడతారు, తాగిన మత్తుకూ వాడతారు. కంటికైనా బుద్ధికైనా మసక కమ్మడమే వీటన్నిటినీ కలిపే దారం. నిద్ర సంస్కృతం నుంచి వచ్చింది, మబ్బు మన మాట. రెండూ కలిస్తే మిశ్ర సమాసం. విడదీయకుండా రాయాలి.

చివరి 'ల' దగ్గర చాలామంది పొరపడతారు. అది బహువచనం కాదు, 'లో'. ఇంట్ల, ఊర్ల అన్నట్టే నిద్రమబ్బుల. "మబ్బుల లేచిండు" అన్నదాన్ని "మబ్బులు లేచినప్పుడు" అని మార్చి అచ్చువేస్తే అర్థమే పోతుంది.

తూగు వేరు. దాని అసలు పని వేలాడి ఊగడం. తూగుటుయ్యాలలో ఉన్నదదే. పళ్లాలు వేలాడే త్రాసు నుంచి తూకం, తూనిక, సరితూగు వచ్చాయి. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తా "40 కిలోలు తూగింది" అన్నా, బడిలో పిల్లవాడు తూగుతున్నాడన్నా క్రియ ఒక్కటే. పాత పుస్తకాల్లో తూఁగు అని అరసున్నతో ఉంటుంది. ఆ అరసున్న చోట తమిళంలో నిండు అనునాసికం (ముక్కుతో పలికే హల్లు) నిలిచింది: తూంగు. అక్కడ వేలాడడమూ నిద్రపోవడమూ రెండూ తూంగే.

కాబట్టి కూర్చున్నవాడి మెడ వాలి, ఉలిక్కిపడి లేచి, మళ్లీ వాలితే తూగుడు. నిద్రమబ్బుకు మెడతో పని లేదు. లేచి నడిచి తలుపు తీసి, వచ్చిందెవరో యాదిలేకపోతే అది నిద్రమబ్బు.