ఎవరికీ చూపించని ఫ్యాన్ ఫిక్షన్ రాసుకోవడం టైమ్ వేస్టా?

ఇష్టమైన పాత్రలతో కథలు రాసుకుంటున్నారు, ఎవరికీ చూపించాలని లేదు, ఇంట్లోవాళ్లేమో "ఎవరూ చదవనిది ఎందుకు రాయడం?" అంటున్నారు, మానేయాలా అని అడిగారు. మానకండి. నేనూ ఇలాగే రాసుకుంటాను కాబట్టి నా సంగతి చెప్తాను.

మాది గుంటూరు, ఉద్యోగం విజయవాడలో. రాసేదంతా రైల్లోనే, ఒళ్లో లాంగ్ నోట్‌బుక్ పెట్టుకుని. కృష్ణా కెనాల్ దగ్గర సిగ్నల్ పడక బండి ఆగితే పెట్టెలో అందరూ విసుక్కుంటారు, నాకు మాత్రం ఇంకో పేరా రాసుకునే టైమ్ దొరుకుతుంది.

నేను రాసేది ఘటోత్కచుడి ఇంటి గురించి. చిన్నప్పుడు టీవీలో 'మాయాబజార్' ఎన్నిసార్లు వేస్తే అన్నిసార్లూ చూశాను. ఎస్వీ రంగారావు నవ్వు వింటే చాలు, పనులన్నీ పక్కన పెట్టేసేదాన్ని. పెద్దయ్యాక తిక్కన ద్రోణపర్వం చదివాను. పద్నాలుగో రోజు రాత్రి యుద్ధంలో, అర్జునుడి కోసం దాచుకున్న శక్తి అనే ఆయుధాన్ని కర్ణుడు ఘటోత్కచుడి మీద వేసి చంపేస్తాడు. ఇక అర్జునుడికి ముప్పు తప్పిందని కృష్ణుడు సంతోషిస్తాడు. నాకు మాత్రం ఒకటే ప్రశ్న మిగిలిపోయింది. అడవిలో ఉన్న ఘటోత్కచుడి తల్లి హిడింబికి ఈ కబురు ఎవరు చెప్పారు? నేను చదివినంతలో ఆ ఘట్టం కనపడలేదు. అందుకే రాసుకోవడం మొదలుపెట్టాను.

నా కథలో భీముడే వెళ్తాడు. ఆవిడ చాప మీద ఇప్పపూలు ఆరబోస్తూ అతన్ని దూరం నుంచే చూస్తుంది. వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని అతని భుజం మీదుగా చూస్తూనే ఉంటుంది. అతను నోరు తెరిచేలోపే, "మీ అన్నదమ్ములు అయిదుగురూ క్షేమమేనా?" అని అడుగుతుంది. అతను తల ఊపుతాడు. ఆవిడ మళ్లీ పూల దగ్గర కూర్చుంటుంది.

అంతే రాశాను. హిడింబి ఎవరో, పెళ్లెలా అయిందో ఒక్క ముక్క లేదు, నాకు తెలుసు కదా. ఓ స్నేహితురాలికి చూపిద్దామా అనుకుంటే చాలు, పరిచయం రాయాలి, ఏడిపించే డైలాగ్ పెట్టాలి, ముగింపు కుదరాలి అని టెన్షన్ మొదలవుతుంది. అవన్నీ మంచి కథకు కావాల్సినవే, కాదనను. నాకు మాత్రం ఆవిడ పక్కన కాసేపు కూర్చుంటే చాలు. అదే ఘట్టాన్ని ఓసారి ఆవిడ వైపు నుంచి, ఓసారి కబురు సహదేవుడు తెచ్చినట్టు మళ్లీ రాస్తాను. చదివేవాళ్లుంటే "మళ్లీ అదేనా?" అనేవారు. మీరూ నచ్చిన చోటే ఎంతసేపైనా ఉండండి, పూర్తి చేయాలన్న రూలేం లేదు.

వేరేవాళ్ల పాత్రలు వాడుకోవడం తప్పన్న మాట పట్టించుకోకండి. వ్యాస భారతంలో అభిమన్యుడి భార్య ఉత్తర. శశిరేఖతో పెళ్లి తర్వాతివాళ్లు అల్లుకున్న కథే, దాన్నే మనం ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. ఊర్మిళ నిద్ర మీద మన ఆడవాళ్లు పాటే కట్టుకుని ఇళ్లలో పాడుకున్నారు. గుంటూరులో పుట్టిన ఓల్గా గారు 'విముక్త'లో సీతను శూర్పణఖతో మాట్లాడించారు, ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

మీవి ఇప్పటి రచయితల పాత్రలైనా సొంతానికి రాసుకుంటే భయపడక్కర్లేదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో వ్యక్తిగత వాడకానికి మినహాయింపు ఉంది. అందరికీ కనపడేలా బయట పెడితే మాత్రం లెక్క వేరు.

ఈ మధ్య నా కథ ఒక చోట ఆగింది. కొడుకు పోయిన రాత్రి కృష్ణుడు సంతోషించాడన్న సంగతి భీముడు హిడింబికి చెప్తాడా, దాచేస్తాడా? రెండు రకాలుగానూ రాసి చూస్తున్నాను.