వస్తూ వస్తూ కూరగాయలు తేకు

చి. ల. సౌ. చిట్టికి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. మొన్న ఫోన్‌లో ఒక సంగతి అని, వెంటనే మాట మార్చేశావు. సరుకులు తెచ్చాక సెల్లార్‌లో కారు ఆపి, పైకి వెళ్లకుండా పావుగంట అందులోనే కూర్చుంటున్నానని. నువ్వు నవ్వావు గానీ నాకు నవ్వు రాలేదు. ఫోన్‌లో చెబుదామంటే సగంలో చిన్నది లాక్కుంటుంది, అందుకే ఉత్తరం. వీలు చూసుకుని చదువు. ఆ కారులో కూర్చునే చదివినా సరే.

నలభై ఏళ్ల కిందట నాకూ అలాంటి చోటు ఒకటి ఉండేది. డబుల్ డెక్కర్ బస్సులో పైన, అద్దం పక్కన ముందు సీటు. మీ అన్నయ్యకు నాలుగేళ్లు, అక్కకు ఏడాదిన్నర. హైదరాబాద్ నల్లకుంటలో రెండు గదుల ఇల్లు, ఏడుగురం మనుషులం. టైలర్ దగ్గరికి వెళ్లొస్తానని మా అత్తయ్యకు చెప్పి, ఆబిడ్స్ వెళ్లి బస్సెక్కేదాన్ని. ట్యాంక్‌బండ్ మీదికి రాగానే హుస్సేన్ సాగర్ గాలి ముఖానికి కొట్టేది. సికింద్రాబాద్‌లో దిగి, మళ్లీ అలాంటి బస్సే ఎక్కి వెనక్కి వచ్చేదాన్ని. అంతే.

మూడోసారికి అత్తయ్య అడిగింది, "ఇన్నిసార్లు పోతివి, జాకెట్లేవే?" అని. నిజం చెప్పేశాను. తిడుతుందనుకున్నా. ఆవిడ కాసేపు ఊరుకుని, "నేను శనివారం గుడికి పొయ్యేదెందుకనుకున్నవ్? దర్శనం ఐదు నిమిషాలే" అంది. ఆ తర్వాత నాకు టైలర్‌తో పని పడలేదు.

కాబట్టి మొదటి సంగతి, ఇంట్లో ఉన్నమాట చెప్పు. "నాకు మూడు గంటలు కావాలి" అను. తలనొప్పి అంటే అమృతాంజనం తెచ్చిస్తారు తప్ప వదలరు.

ఇక ఎక్కడికి అంటావా? నేను రెండే చూస్తాను. ఏమీ కొనకుండా కూర్చోనిస్తారా, తెలిసినవాళ్లు పలకరించకుండా ఉంటారా. మొదటిదాంతో మాల్స్, కాఫీ షాపులు పోయాయి. కప్పు ఖాళీ కాగానే బిల్లు తెచ్చి పెట్టి మన వంకే చూస్తారు. రెండోదాంతో మీ కాలనీ పార్కు పోయింది. నాకైతే ఇందిరా పార్కూ పోయింది. చెట్లు బాగానే ఉంటాయి గానీ ఒక రౌండ్ తిరిగేలోపు నలుగురు బంధువులు ఎదురై మోకాళ్ల నొప్పుల గురించి అడుగుతారు. నీకు ఆ బెడద లేదు కాబట్టి నువ్వు వెళ్లొచ్చు. ధర్నా చౌక్ వైపు మైకు వినిపించని రోజు చూసుకో.

నా సొంత చోటు మాత్రం అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. 1891లో ఆసఫియా లైబ్రరీ పేరుతో మొదలైంది, మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనం 1936 నాటిది. లోపల కప్పు ఎంత ఎత్తులో ఉంటుందంటే, మనింటి గోల అక్కడిదాకా లేచి కరిగిపోతుందేమో అనిపిస్తుంది. బయట అఫ్జల్‌గంజ్ హారన్లు, ఒక్కోసారి మూసీ వాసన, అవన్నీ నిజమే. లోపల మాత్రం పోటీ పరీక్షలకు చదివే పిల్లలు తల ఎత్తరు. వాళ్ల మధ్య ఒక ముసలమ్మ పాత వారపత్రిక ముందు పెట్టుకుని పేజీ తిప్పకుండా గంట కూర్చున్నా ఎవరికీ పట్టదు. నువ్వు కూర్చున్నా అంతే. పుస్తకం చదవాలన్న రూలేమీ పెట్టుకోకు. చదవకపోతే టైమ్ వృథా అనే టెన్షన్ మళ్లీ ఒకటి.

అక్కడికి దగ్గరే సాలార్‌జంగ్ మ్యూజియం. "అక్కడ ప్రశాంతత ఏమిటి పెద్దమ్మా, స్కూలు పిల్లలే సగం మంది" అంటావని తెలుసు. ఒక కిటుకు చెబుతా విను. గంట గంటకూ ఒక చిన్న గడ్డపు బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం ఉంది కదా, చిన్నప్పుడు నిన్ను ఎత్తుకుని చూపించాను. ఏ గంటకైనా పది నిమిషాల ముందు నుంచే జనమంతా దాని ముందు చేరతారు. మధ్యాహ్నం పన్నెండుకైతే పన్నెండు దెబ్బలూ వినాలని ఇంకా ఎక్కువ. సరిగ్గా అప్పుడే నువ్వు చైనా, జపాన్ పింగాణీ ఉన్న గదులకు వెళ్లు. అద్దాల అల్మారాల్లో నీలం పూల పాత్రలు, నువ్వు. కడగాల్సిన పని లేని గిన్నెలు చూస్తుంటే నాకెంత హాయిగా ఉంటుందో మాటల్లో చెప్పలేను. బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా పాలరాతి శిల్పం దగ్గర ఎప్పుడూ ఫొటోల గుంపే, దాన్ని చివర్లో చూసుకో. శుక్రవారం సెలవు, మర్చిపోయి వెళ్లేవు.

కాస్త దైవభక్తి ఉన్న రోజు బిర్లా మందిర్. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే లక్డీకాపూల్‌లో దిగి ఆటో మాట్లాడుకోవడమే. ఆ గుళ్లో గంటలు ఉండవు, గమనించావా? 1976లో గుడి తెరిచినప్పటి నుంచీ అంతే, ధ్యానానికి భంగం కలగకూడదని పెట్టలేదు. ఫోన్ కింద కౌంటర్‌లో ఇచ్చి వెళ్లాలి. నిన్ను చూస్తే నాకు ఈ రెండో సంగతే ముఖ్యం అనిపిస్తుంది. ఫోన్ చేతిలో ఉంటే "అమ్మా, నా ఎర్ర స్కెచ్ పెన్ ఎక్కడ?" అని వీడియో కాల్ వస్తుంది. ఆదివారం సాయంత్రం మాత్రం అటు వెళ్లకు, మెట్ల మీదే గంట నిలబడతావు. మామూలు రోజు పొద్దున వెళ్లు. మధ్యాహ్నం మూసేస్తారు, ఆలోపే సాగర్ వైపు తిరిగి కూర్చుని ఊరంతా చూసుకో.

మరో మాట. మీ ఆయనకూ ఇలాంటి రోజు కావాలి. మగవాళ్లు ఆఫీసుకు వెళ్తారు కాబట్టి వాళ్లకు అక్కర్లేదని నేనూ చాలాకాలం అనుకున్నా. మీ పెద్దనాన్న రోజూ అరగంట ఇరానీ హోటల్‌లో ఒక్క చాయ్ ముందు పెట్టుకుని కూర్చునేవారు. దాని మీద నేను చేసిన గొడవ తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. నేను బస్సులో చేసినదే ఆయన బల్ల ముందు చేశారు. అల్లుడికి చాయ్ కంటే నడక ఇష్టం కాబట్టి కేబీఆర్ పార్కుకు పంపు. నెమళ్లు కనిపిస్తాయి. కాకపోతే ముందు నడిచేవాళ్లు ప్లాట్ల రేట్లు గట్టిగా మాట్లాడుకుంటూ పోతుంటారు, వాళ్లకు యాభై అడుగులు వెనక ఉండమను.

ఇద్దరూ కలిసి వెళ్లే రోజుకు నేను చెప్పేది దుర్గం చెరువు కాదు. 2020లో తీగల వంతెన వచ్చాక సాయంత్రాలు అక్కడ మనుషుల కంటే సెల్ఫీలు ఎక్కువ. చలికాలం పొద్దున్నే అమీన్‌పూర్ చెరువుకు వెళ్లండి. మీ ఇంటికి దగ్గరే, వలస పక్షులు వస్తాయి, 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు కూడా. ఫ్లాస్కులో కాఫీ పోసుకెళ్తే చాలు.

సగం రోజు దొరికితే సంతోష్‌నగర్ వైపు పైగా సమాధులు చూడండి. (పైగా అంటే మనం మాటమాటకీ అనే 'పైగా' కాదు, నిజాం వంశంతో వియ్యమందుకున్న నవాబుల కుటుంబం.) సున్నంతో చేసిన ఆ లతలు, చలువరాతి జాలీలు అంత పనితనంతో ఉన్నా అటు వెళ్లే జనం తక్కువ. జాలీలోంచి ఎండ నేల మీద పడి ముగ్గులా పరుచుకుంటుంది. మీ పెద్దనాన్నా నేనూ రిటైరయ్యాక మొదటిసారి వెళ్లాం. గంటన్నరలో మేం మాట్లాడుకున్నది నాలుగు మాటలో, ఐదో. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే వచ్చి ఉండాల్సింది అన్నారు ఆయన.

ఒంటరిగా వెళ్లినప్పుడు కొంచెం జాగ్రత్త. ఏ పార్కులోనైనా తోటమాలీలు, ఒకటి రెండు కుటుంబాలు కనిపించే వైపే కూర్చో. చీకటి పడకముందే లేచిపో. చెరువు గట్ల మీదికి ఒక్కదానివే వద్దు. ఎక్కడున్నావో ఇంట్లో ఒకరికి తెలిస్తే చాలు, గంటకోసారి మెసేజ్ పెట్టనక్కర్లేదు.

మొదటి అరగంట ఏమీ బాగుండదు, ముందే చెబుతున్నా. గీజర్ ఆఫ్ చేశానా, చిన్నదానికి జలుబు పెరిగిందా అని బుర్రలో లిస్టు తిరుగుతుంది. లేచి వచ్చేయకు. నాకు బస్సు సికింద్రాబాద్ చేరేదాకా తిరిగేది, వెనక్కి వచ్చేటప్పుడు మాత్రమే గాలి తెలిసేది.

ఇంకొకటి, ఇది ముఖ్యం. వస్తూ వస్తూ కూరగాయలు తేకు. ఒక్కసారి సంచితో ఇంట్లోకి వచ్చావా, తర్వాత నుంచి గుమ్మం దగ్గరే చేతికి చీటీ ఇస్తారు, "ఎలాగూ వెళ్తున్నావుగా" అని. నా బస్సు ప్రయాణాలు అలాగే ముగిశాయి. ఆఖరికి ట్యాంక్‌బండ్ మీద గాలికి బదులు ఒళ్లో బెండకాయల సంచీ.

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకల్లా నేను మీ ఇంట్లో ఉంటాను. పెద్దాడు బడికి వెళ్తాడు, చిన్నది నా దగ్గర ఉంటుంది. మీ అత్తగారికి ఫోన్ చేసి చెప్పేశాను, సరేనన్నారు. మ్యూజియం తెరిచే ఉంటుంది. మధ్యలో ఫోన్ చేశావంటే నేను ఎత్తను.

ఇట్లు,
మీ పెద్దమ్మ