పాత చెక్క బాతుకి మళ్లీ రంగు వేయించాలా?

మేరీలాండ్‌లో ఒక ఎస్టేట్ సేల్‌లో (ఒక ఇంటి సామానంతా అమ్మేసే చోట) పాత చెక్క బాతు కొన్నామని, రంగు పెచ్చులూడిపోయిందని, అడుగున సీసం ముక్కేదో ఉందని రాశారు. మీవారు కొండపల్లి బొమ్మలా మళ్లీ రంగు వేసేద్దామంటున్నారు, అసలు దీనికి విలువ ఉందా అని అడిగారు. ముందు ఆయన చేతిలోంచి బ్రష్షు తీసేసుకోండి, మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

నేను బాల్టిమోర్ దగ్గర ఉంటాను. శనాదివారాల్లో చీసపీక్ బే పైకొసన ఉండే హావర్ డి గ్రేస్ అనే చిన్న ఊరికి పోవడం, అక్కడి డికాయ్ (వేటలో ఎరగా వాడే ఇలాంటి బొమ్మ పక్షి) మ్యూజియం చూడటం, పాత సామాన్ల కొట్లలో దుమ్ము దులపడం అలవాటైపోయింది. ఈ బాతులు షోకేసు కోసం పుట్టలేదండి. పైన ఎగిరే బాతులు కిందికి చూసి మనవాళ్లు తింటున్నారు, దిగుదాం అనుకునేలా వేటగాళ్లు నీళ్ల మీద తేలేసేవాళ్లు. అందుకే రంగు కూడా మెరవకుండా మ్యాట్‌గా వేసేవాళ్లు, ఎండకి తళుక్కుమంటే పక్షి బెదిరిపోతుంది కదా. మీ బాతు మీద వార్నిష్ మెరుపు ఉంటే తర్వాత ఎవరో పూసి ఉంటారు, లేదా అలంకారం కోసమే చేసిన బొమ్మ అయి ఉంటుంది.

ఇప్పుడు దాన్ని బోర్లించండి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు తల, కళ్లు, రెక్కలు చూసి మురిసిపోతారు గానీ కథంతా అడుగునే ఉంటుంది. ఆ సీసం ముక్క బాతు నీళ్లలో పల్టీ కొట్టకుండా కొట్టిన బరువు. దాని ముందు తాడు కట్టుకునే ఇనప రింగో తోలు ముక్కో ఉండాలి, లేకపోతే అది ఉన్న చోట మేకు గుంట అయినా కనిపించాలి. మేకుల చుట్టూ చెక్క తుప్పుతో నల్లబడి ఉంటే మంచి సూచన. ఇంగ్లిష్ అక్షరాలు కాల్చి ముద్ర వేసి ఉంటే అది చెక్కినవాడి పేరు కావాలని లేదు, చాలాసార్లు ఆ బాతు సొంతదారుడిదో వేట క్లబ్బుదో అవుతుంది. పేరు కనిపించగానే ఫలానావాడు చేసిందని చెప్పి రేటు పెంచేవాళ్లు ఉన్నారు, జాగ్రత్త.

తర్వాత పగుళ్లు. కాస్త భూతద్దం పెట్టి చూడండి. పగులు లోపలి చెక్క కూడా బూడిద రంగుకి తిరిగి ఉంటే పాత పగులు, తెల్లగా తాజాగా ఉంటే నిన్నమొన్నటిది. పగులు లోపలికి రంగు దిగి ఉంటే ఆ రంగు పగులు తర్వాత వేసిందన్నమాట, అంటే అసలు రంగు కాదు. నకిలీలు చేసేవాళ్లు ఒళ్లంతా ఒకేలా గీకేస్తారు, నిజంగా వాడిన బాతు అలా అరగదు, ముక్కు కొస, తోక, నడినెత్తి, పడవలో ఒకదానికొకటి రాసుకునే పక్కలు ఎక్కువ అరుగుతాయి. తల పట్టుకునే ఎత్తేవాళ్లు కాబట్టి మెడ విరిగి అతికించినవి బోలెడు. పెద్ద వేలం సంస్థలు ఎక్స్‌రే తీసి మరీ చూస్తాయి, అందులో మెడ రిపేరుతో పాటు ఒంట్లో దిగిన తుపాకీ రవ్వలు కూడా కనిపిస్తుంటాయి. ఆ రవ్వల గుంటలు చూసి దిగులు పడకండి, నాకైతే అవి ఉంటేనే ముచ్చట.

రంగు విషయానికి మళ్లీ వస్తాను, ఎందుకంటే విలువలో సింహభాగం అక్కడే ఉంది. అసలు రంగు ఎంత ఊడినా దానికే గిరాకీ. వేటగాడు తన అవసరానికి సీజన్ ముందు వేసుకున్న రంగు రెండో వరస, దాన్నీ జనం గౌరవిస్తారు. మనం గరాజ్‌లో వేసే కొత్త రంగుకి మాత్రం ఎవరూ విలువ ఇవ్వరు. లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె) కూడా పూయకండి, మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. హీటర్ గాలి, ఎండ తగిలే చోట పెట్టొద్దు. పాత రంగులో కూడా సీసం ఉండొచ్చు, ఇంట్లో చిన్నపిల్లలుంటే అందకుండా పై అరలో పెట్టండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

ఎంత పాతదో అంచనా కట్టాలంటే చట్టాలు కొంచెం తెలియాలి. ఒకప్పుడు హావర్ డి గ్రేస్ పక్కనున్న సస్క్వెహానా ఫ్లాట్స్ అనే లోతు తక్కువ నీళ్లలో సింక్‌బాక్స్ అని, నీటి మట్టానికి దించిన పెట్టెలాంటి దాంట్లో మనిషి వెల్లకిలా పడుకొని, చుట్టూ వందల కొద్దీ డికాయ్‌లు వేసి కాల్చేవాడు, ఆ బాతులు బస్తాల్లో మార్కెట్‌కి పోయేవి. 1918లో వచ్చిన అమెరికా వలస పక్షుల చట్టంతో ఇలా అమ్మకం కోసం చేసే వేట ఆగింది, 1935లో సింక్‌బాక్స్‌ని, బతికున్న బాతుల్ని ఎరగా కట్టేయడాన్ని కూడా నిషేధించారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్లాస్టిక్ వచ్చి చెక్కవి తగ్గిపోయాయి.

చెక్కినవాళ్లు చాలామందికి ఇది పక్క పనే. హావర్ డి గ్రేస్‌లో మ్యాడిసన్ మిచెల్ అంత్యక్రియలు జరిపించే వ్యాపారం చేస్తూ డికాయ్‌లు చేశాడు, మేరీలాండ్‌లోనే ఉన్న క్రిస్‌ఫీల్డ్‌లో లెమ్, స్టీవ్ వార్డ్ అన్నదమ్ములు మంగలి షాపు నడిపేవాళ్లు. డెట్రాయిట్‌లో మేసన్ ఫ్యాక్టరీ 1896 నుంచి 1924 దాకా లేత్ మీద తీసి చేత్తో రంగులు వేసి అమ్మింది, వాళ్ల మంచి రకాలకి గాజు కళ్లు ఉంటాయి. ఇక మసాచుసెట్స్‌కి చెందిన ఎల్మర్ క్రోవెల్ చెక్కిన రెండు పక్షులు 2007లో ఒక్కోటి 11 లక్షల 30 వేల డాలర్లకి పోయాయి. ఈ అంకె చూసి మీవారు ఉద్యోగం మానేస్తానంటే ఆపండి, మామూలు బాతులు వందల్లోనే తిరుగుతాయి, పేరులేనివి ఇంకా తక్కువ.

పెట్టుబడి అనుకొని కొనకండి అని నా సలహా. జోయెల్ బార్బర్ అనే ఆర్కిటెక్ట్, వీటికి ఎవరూ పెద్దగా విలువ కట్టని రోజుల్లోనే, జానపద శిల్పం అని నమ్మి పోగేశాడు, అవి ఇప్పుడు వెర్మాంట్‌లోని షెల్బర్న్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిని చూస్తే ఆ చూపు ఏంటో అర్థమవుతుంది: ఈకలన్నీ చెక్కకుండానే రెండు గీతల్లో మెడ వంపు, ఒళ్లు వెచ్చగా ముడుచుకున్న తీరు పట్టేశారు. మహా నైపుణ్యంగా ఈక ఈక చెక్కిన ఇప్పటి అలంకార బాతుల కంటే నాకు ఆ మొద్దు బాతులే ఇష్టం, ఇది మాత్రం నా పక్షపాతమే అనుకోండి.

మీ దాని ఫొటోలు పెడితే నాకు తెలిసినంత చెప్తాను. పక్క నుంచి ఒకటి, మెడ అతుకు దగ్గరగా ఒకటి, అడుగు భాగం మాత్రం పగటి వెలుగులో రెండు మూడు, ఫ్లాష్ వేయకుండా తీయండి. పొడవు ఎంతో, బరువు ఎంతో కూడా రాయండి.