గుల్మార్గ్‌కి స్కీలు: మరీ తేలికైనవి వద్దు

మీ బరువు 78 కిలోలు, అఫర్వత్ కొండ పైన పౌడర్‌లో (కొత్తగా పడ్డ మెత్తటి మంచులో) హాయిగానే ఉంది, గాలికి గట్టిపడ్డ మంచు పెచ్చు మీదకి రాగానే స్కీ ముక్కు ఎగిరెగిరి పడుతోంది అన్నారు కదండీ. తప్పు మీ కాళ్లది కాదు. ఒక్కోటి 1,400 గ్రాములే ఉన్న కార్బన్ స్కీ ఎంత బిర్రుగా ఉన్నా కుదుపును మింగలేదు, తిరిగి మోకాలికే కొడుతుంది.

184 సెం.మీ. పొడవులో ఒక్కోటి 1,750–1,900 గ్రాములు, నడుము (మధ్యలో సన్నగా ఉండేచోట వెడల్పు) 106–110 మి.మీ. ఉన్నవి చూడండి. పాదం కింద గట్టిగా ఉండాలి, ముక్కు మాత్రం కాస్త వంగాలి. షాపులో చేత్తో వంచి చూస్తే తెలిసిపోతుంది. మొత్తం దుంగలా ఉంటే పౌడర్‌లో తేలదు.

కొనేముందు ఓ చవక పని: ఇప్పుడున్నవాటికే ముక్కు, తోక చివర్లలో 10–15 సెం.మీ. మేర అంచుల్ని గమ్మీ స్టోన్‌తో (అంచులు రుద్దే రబ్బరు లాంటి రాయి) కాస్త మొద్దుబార్చండి. పెచ్చులో పట్టేయడం తగ్గుతుంది. ఎగిరిపడటం మాత్రం పోదు, అది బరువు సంగతి.