ఆరోగ్య సందేహాలు: కొలెస్ట్రాల్ ఎవరికి ఎంత ఉండాలి?

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. ఆరేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతున్నారు. ఈమధ్య లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయిస్తే టోటల్ కొలెస్ట్రాల్ 226, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే మరో రకం కొవ్వు) 210, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 148 వచ్చాయి. ఎల్‌డీఎల్ పక్కన ‘బోర్డర్‌లైన్’ అని ఉంది. డాక్టరు మాత్ర రాశారు. ఈయనేమో మూడు నెలలు పథ్యం చేసి చూద్దాం అంటున్నారు. ఆగవచ్చా?
— ఒక గృహిణి, వెస్ట్ మాంబళం, చెన్నై

జవాబు: ఆగకండి. పథ్యం, మాత్ర రెండూ ఒకేసారి మొదలుపెట్టించండి. ల్యాబువాళ్లు ముద్రించే ‘బోర్డర్‌లైన్’ అనే మాట అందరి కాగితాల మీదా ఒకటే. ఎదుటి మనిషికి షుగర్ ఉందో లేదో దానికి తెలియదు. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఎల్‌డీఎల్ పెద్దగా ముప్పు లేనివారికి 100 లోపు, షుగర్ ఉన్నవారికి 70 లోపు, ఇప్పటికే గుండెపోటు వచ్చినవారికి 55 లోపు ఉండాలి. మీ వారి విషయంలో 148 అంటే ఉండాల్సినదానికి రెట్టింపు పైమాటే.

ఇక లెక్క చూడండి. 148 నుంచి 70కి దిగాలంటే సగానికి మించి తగ్గాలి. తిండిలో ఎంత కట్టుబాటు పాటించినా సాధారణంగా తగ్గేది 10-15 శాతం; 130 దగ్గర ఆగిపోతుంది. ఒంట్లో కొలెస్ట్రాల్ చాలావరకు తిండి నుంచి వచ్చేది కాదు, కాలేయం తయారుచేసుకునేది. స్టాటిన్ మాత్ర ఆ తయారీనే తగ్గిస్తుంది. రోసువాస్టాటిన్ 10 మి.గ్రా. సుమారు 45 శాతం తగ్గిస్తుంది, అంటే 81కి వస్తుంది. దానికి ఎజెటిమైబ్ అనే మరో మందు 10 మి.గ్రా. తోడైతే మరో ఐదో వంతు తగ్గి 65కి చేరుతుంది. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేసినా అదనంగా తగ్గేది 6 శాతమే కాబట్టి చాలాసార్లు డాక్టర్లు రెండో మందు కలుపుతారు. జబ్బు ముదిరిందేమోనని కంగారుపడకండి.

రిపోర్టులో లేకపోయినా మీరే కట్టుకోగల లెక్క ఇంకొకటుంది. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయండి: 226 - 36 = 190. దీన్ని నాన్-హెచ్‌డీఎల్ అంటారు. మీ వారికి ఇది 100 లోపు ఉండాలి. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ ఉన్నప్పుడు ఎల్‌డీఎల్ కంటే ఈ అంకే అసలు ముప్పును బాగా చూపిస్తుంది. ట్రైగ్లిజరైడ్లను పెంచేవి అన్నం పరిమాణం, తీపి, మద్యం, అదుపులో లేని షుగర్.

టీఎస్‌హెచ్ పరీక్ష కూడా ఒకసారి చేయించండి. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. మాత్ర మొదలుపెట్టాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ లిపిడ్ పరీక్ష చేయించాలి. పరగడుపున అక్కర్లేదు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే మాత్రం పరగడుపున మళ్లీ ఇవ్వాలి. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, మిగతా అంకెల నుంచి లెక్కగడతారు. ట్రైగ్లిజరైడ్లు అంత ఎక్కువుంటే ఆ లెక్క తప్పుతుంది.

ప్రశ్న: మా వీధి చివర చెక్కు (గానుగ) నూనె అంగడిలో కొబ్బరినూనె డబ్బా మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని రాసి ఉంది. వంటకు వాడవచ్చా?
— ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: ఆ మాట నిజమే, కానీ మీకు పనికిరాదు. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే పదార్థాల్లోనే ఉంటుంది. ఏ గింజ నూనెలోనూ చెప్పుకోదగ్గంత ఉండదు. చూడాల్సింది సంతృప్త కొవ్వు. రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కునే కాలేయపు పనిని అది మందగింపజేస్తుంది. కొబ్బరినూనెలో ఇది 90 శాతం దాకా ఉంటుంది. పామాయిల్లో దాదాపు సగం, వేరుశనగ నూనెలో ఐదో వంతుకు కాస్త తక్కువ, నువ్వుల నూనెలో 15 శాతం లోపు. చెక్క గానుగలో ఆడించినా ఈ పాళ్లు మారవు. రోజువారీ వంటకు అదే అంగట్లో నువ్వుల నూనో, వేరుశనగ నూనో తీసుకోండి.

ఏ నూనైనా మనిషికి నెలకు అర లీటరు చాలు. రోజుకు మూడు చెంచాలకు కాస్త పైన. నెల మొదటి రోజున నలుగురికి రెండు లీటర్లు వేరే డబ్బాలో పోసుకుని, అందులోంచే తీయండి. 20వ తేదీకే అడుగు కనిపిస్తే పోపులోనా, వేపుళ్లలోనా, ఎక్కడ పోతోందో ఇట్టే తెలుస్తుంది. హోటల్లో తినే నెయ్యి పొంగలి, వడ ఈ లెక్కలోకి రావు. వాటిని విడిగా తగ్గించుకోవాల్సిందే.

ప్రశ్న: అటోర్వాస్టాటిన్ వాడితే ఎల్‌డీఎల్ 72కి వచ్చింది. లివర్ పాడవుతుందని ఎవరో అంటే మానేశాను. రెండు నెలల్లో మళ్లీ 150.
— ఒక పాఠకురాలు, అంబత్తూరు

జవాబు: 72 వచ్చింది మాత్ర పనిచేస్తున్నందువల్లే. అది ఆగగానే కాలేయం పాత తయారీకి తిరిగి వెళ్లింది. డాక్టరుతో మాట్లాడి మళ్లీ మొదలుపెట్టండి. కాలేయ ఎంజైములు మామూలుగా ఉండాల్సిన గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు దాటితేనే మాత్ర ఆపే ఆలోచన వస్తుంది, అది అరుదు. రెండు తొడలూ, భుజాలూ ఒకేలా నొప్పి పుడితే సీకే పరీక్ష (కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే రక్తపరీక్ష) చేయించాలి. మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తే మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఎవరైనా క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే అటోర్వాస్టాటిన్ వాడుతున్న సంగతి తప్పక చెప్పండి. రెండూ కలిస్తే కండరాలకు చేటు. గర్భం అనుకుంటున్నవారు ముందుగా డాక్టరును అడగాలి.

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. సన్నగా ఉంటాడు, శాకాహారి. అయినా ఎల్‌డీఎల్ 214. వాళ్ల నాన్న 42 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. మా ఆడపడుచు కూతురిని వీడికి చేసుకోవాలని అనుకుంటున్నాం.
— ఒక తల్లి, కోడంబాక్కం

జవాబు: అమ్మా, ఇది తిండి వల్ల వచ్చింది కాకపోవచ్చు. ఎల్‌డీఎల్ 190 దాటి, తండ్రికి చిన్న వయసులో గుండెపోటు వచ్చిందంటే, వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్‌ను ముందు అనుమానించాలి. అబ్బాయిని వెనక్కి తిప్పి నిలబెట్టి మడమ పైనుండే లావు నరాన్ని వేళ్లతో పట్టి చూడండి. తాడులా గట్టిపడి మందంగా ఉన్నా, గడ్డలు తగిలినా అనుమానం బలపడుతుంది. తగలకపోయినా లేదని కాదు. ఇప్పుడే స్టాటిన్ మొదలుపెట్టాలి. పెళ్లయ్యాక చూద్దాం అనుకోకండి.

ఈ జన్యు లోపం ఉన్నవారి నుంచి ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశంతో వస్తుంది. మీవారి నుంచి అబ్బాయికి వచ్చి ఉంటే, ఆడపడుచుకూ, ఆమె నుంచి అమ్మాయికీ వచ్చి ఉండవచ్చు. మేనరికంలో దంపతులిద్దరికీ ఈ లోపం ఉంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకు రెండు వైపుల నుంచీ వస్తుంది. అలాంటి పిల్లలకు ఎల్‌డీఎల్ తరచు 400 దాటుతుంది, ఇరవై ఏళ్లలోపే గుండె జబ్బు రావచ్చు. సంబంధం వదులుకోమని మేం చెప్పడం లేదు. తాంబూలాలు పుచ్చుకోకముందే అమ్మాయికీ, వాళ్ల అమ్మకూ లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. ఇద్దరిలో ఎవరికి 190 దాటినా, రిపోర్టులన్నీ తీసుకుని జన్యు సలహా ఇచ్చే డాక్టరును కలవండి. మీకు ఇంకా పిల్లలుంటే వాళ్లకూ ఈ వారంలోనే పరీక్ష చేయించండి.